పావుకిలో మేకులు... ఓ పై అంతస్తు!

శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడలో కాసేపు ఆగి చూడండి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది. ఆ వెనకే ఔటర్ రింగురోడ్డు. చేలల్లో ప్లాట్ల హద్దురాళ్లు లేచాయి. ఇళ్లు కట్టేచోట హార్డ్‌వేర్ షాపు లేకుండా ఉంటుందా!

లోపలికి అడుగుపెడితే చాలు... వార్నిష్, నూనె రాసిన ఇనుము, కొబ్బరితాడు కలగలిసిన వాసన. నాన్న వేలు పట్టుకుని వెళ్లిన రోజులు గుర్తురాక మానవు. మేకులు తూకానికి, కాగితం పొట్లంలో. జేబులోంచి పాత బోల్టు తీసి చూపిస్తే కొలవకుండానే 'మూడు సూత్‌లది' అనేవాడు కొట్టాయన. (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు.) ట్రూప్‌బజార్, రాణిగంజ్ దాకా వెళ్తే నాలుగు రూపాయలు తగ్గొచ్చు. కుళాయి కారిపోతున్న రాత్రి ఆ లెక్క ఎవరిక్కావాలి?

అసలు కథ డాబా మీద ఉంటుంది. పిల్లర్లలోంచి పైకి లేచిన ఇనుప చువ్వలు! అబ్బాయి పెళ్లినాటికి రెండు గదులు వేద్దామనుకుని వదిలినవి. ఈలోగా కాలేజీ ఫీజులు, ఆస్పత్రి ఖర్చులు... చువ్వలు తుప్పుపడితే రేపు కట్టే అంతస్తుకు బలం ఉండదు. అందుకే వాటికి సిమెంటు పాలు పూస్తారు. వానలకు ముందు అలాంటి ఇంటాయన కొట్టుకొచ్చి కొనేది నాలుగు కిలోల సిమెంటు, ఓ కుంచె. వెళ్తూ వెళ్తూ, స్టీలు ధర ఎంతుందో కూడా అడుగుతాడు.