సంకెళ్ళు విప్పారు, భూమి లాక్కున్నారు

'మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అనేవాణ్ణి చూసి మనం నవ్వుతాం. ఆస్తి సంగతిలో మాత్రం అది నవ్వులాట కాదు. తాత తాగిన నెయ్యి మనవడి మూతికి అంటుకునే ఉంటుంది. తాత పస్తు మనవడి కడుపును వదలదు. అమెరికా నల్లజాతివారి కథే ఇందుకు రుజువు.

వాళ్ళ పెద్దలు రెండువందల ఏళ్ళకు పైగా కూలి లేకుండా తెల్లదొరల చేలల్లో గొడ్డుచాకిరీ చేశారు. 1865 జనవరిలో సవానా పట్టణంలో జనరల్ షెర్మన్ నల్లజాతి పెద్దలను పిలిచి, మీ కాళ్ళమీద మీరు నిలబడాలంటే ఏం చేయాలని అడిగాడు. భూమి కావాలి, మా రెక్కలతో దున్నుకుంటాం అన్నారు. నాలుగు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇస్తామన్నారు. సుమారు 40 వేలమంది సాగులోకి దిగారు. ఏప్రిల్‌లో లింకన్‌ను చంపారు. గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ ఏడాది తిరక్కుండానే ఆ భూముల్ని పాత దొరలకే కట్టబెట్టాడు.

అంతకుముందే, 1862లో, రాజధాని వాషింగ్టన్‌లో బానిసల్ని విడిపించినప్పుడు నష్టపరిహారం ముట్టింది ఎవరికి? యజమానులకు! తలకు 300 డాలర్ల దాకా. అదే ఏడాది వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల చొప్పున పంచిన భూమిలో అత్యధిక భాగం తెల్లవారికే దక్కింది. అదీ మూలవాసి ఇండియన్ల దగ్గర గుంజుకున్న నేలే.

భూమి లేని నల్లవాడు మళ్ళీ ఆ దొర చేనుకే పాలుకు పోయాడు. విత్తనం, తిండిగింజలు దొర కొట్లోనే అప్పు. లెక్క రాసేదీ దొరే. పంట చేతికొచ్చేసరికి మిగిలేది బాకీ.

పైసా పైసా కూడబెట్టి భూమి కొన్నవారూ ఉన్నారు. వీలునామా లేక ఆ భూమి వారసులందరి ఉమ్మడి అయింది. స్పష్టమైన పట్టా లేనిదే అప్పు పుట్టదు. బయటివాడు ఒక్క వాటా కొని కోర్టుకెక్కితే మొత్తం భూమి వేలానికి పోయేది. 1920లో 9 లక్షలకు పైగా ఉన్న నల్లజాతి సాగుదార్లు, 1990ల నాటికి 20 వేలలోపుకు పడిపోయారు. అప్పులివ్వడంలో వివక్ష చూపారన్న దావాలో 1999లో వ్యవసాయ శాఖే రాజీకి రావలసి వచ్చింది.

1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. హోటల్లో పక్కన కూర్చోనిచ్చింది గాని, తాతలనాటి ఆస్తిని పంచలేదు. 2022 లెక్కల్లో, నడిమి అంతస్తు తెల్ల కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు. నల్ల కుటుంబానిది 44,900. ఆరింట ఒక వంతు!

కూలి పెరగాలి, నిజమే. కాని కూలి డబ్బు ఆ పూటకే సరి. జబ్బు చేస్తే, బిడ్డ చదువుకెళ్తే ఆదుకునేది ఆస్తి. తండ్రికి దక్కనిది కొడుక్కెలా వస్తుంది? కూలీ సోదరులారా, భూమి అడగడం అత్యాశ కాదు. సవానాలో ఆనాటి పెద్దలు మొదట అడిగిందీ అదే.