ఉప్పుగాలి సోకిన పాత ఫ్లాటు

విశాఖలో మహారాణిపేట, పాండురంగాపురం వైపు పాత అపార్టుమెంటులో ఫ్లాటు అమ్మకానికి వస్తే మనసు లాగడం సహజం. మొజాయిక్ గచ్చు, ఎత్తయిన శ్లాబు, గాలి ఆడే వరండా, నడిచి వెళ్లేంత దూరంలో బీచ్ రోడ్డు: కొత్త టవర్లలో ఇవన్నీ ఒక్కచోట దొరకడం కష్టం. అయినా ఆ అందానికి ధర కట్టే ముందు చూడాల్సింది ఇనుమును. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు కాంక్రీటులోకి మెల్లగా దిగి చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి, పైనున్న కాంక్రీటు పెచ్చులూడుతుంది. రంగు వేస్తే పగులు కనిపించదేమో గానీ ఆగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకే చెక్కుచెదరలేదు కదా అంటారు. నిజమే, కానీ తుపాను ఒక్కరోజు పరీక్ష. ఉప్పు పని ఏళ్ల తరబడి సాగుతుంది.

లిఫ్టు, పార్కింగు ఉండవన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసెయ్యలేం, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లుంటే. అయితే తక్కువ అంతస్తుల పాత భవనాల్లో ఒక్కో ఫ్లాటుకు వచ్చే అవిభాజ్య స్థలం వాటా సాధారణంగా ఎక్కువ. గోడల విలువ తరిగినా ఆ స్థలం మిగులుతుంది; పాత ఫ్లాటుకు అసలు బలం అదేనని నా అభిప్రాయం. అందుకే దస్తావేజులో ఆ వాటా ఎన్ని గజాలో చదవండి, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, స్ట్రక్చరల్ ఇంజినీరుతో స్తంభాలు పరీక్ష చేయించాకే బయానా ఇవ్వండి.