కొట్టేయడం కూడా చదవడమే
రీడింగ్ కాంప్రహెన్షన్‌లో తప్పు ఆప్షన్ల ఏరివేత: అపోహలు – వాస్తవాలు

"సార్, ఈ మాట ప్యాసేజీలోనే ఉంది కదా, మరి తప్పెలా అయింది?"

మాక్ టెస్ట్ పేపర్లు చేతికిచ్చిన రోజున నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేవాళ్లకు తెలివి తక్కువేం కాదు. ప్యాసేజీ చదివారు, అర్థం చేసుకున్నారు, నాలుగు ఆప్షన్లలో రెండింటిని సరిగ్గానే కొట్టేశారు. మిగిలిన రెండింట్లో మాత్రం తప్పుదాన్ని ఎంచుకున్నారు. సివిల్స్ ప్రిలిమ్స్‌లోని సీశాట్, బ్యాంకు పరీక్షలు, క్యాట్, క్లాట్, అమెరికా చదువుల కోసం రాసే జీఆర్‌ఈ... పరీక్ష ఏదైనా మార్కులు పోయే చోటు ఇదే. ఇంగ్లిష్ రాకపోవడం ఒక కారణం కావచ్చు. దానికన్నా పెద్ద కారణం, హాస్టల్ గదుల్లో సీనియర్ల నోట జూనియర్ల చెవిన పడుతూ వస్తున్న కొన్ని నమ్మకాలు. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

ముందు ఒక చిన్న ప్యాసేజీ చదవండి. ఇది ఏ పరీక్షలోదీ కాదు, ఈ వ్యాసం కోసం రాసింది.

"చెరువు పూడిక మట్టిని పొలాలకు తోలడం మన రైతులకు పాత అలవాటే. ఈ మట్టిలో బంక పాలు ఎక్కువ. అందుకే ఇసుక పాలు ఎక్కువున్న చెలక నేలల్లో దీన్ని కలిపితే తేమ మరికొన్ని రోజులు నిలుస్తుంది. ఇప్పటికే బంక పాలు ఎక్కువున్న నల్లరేగడిలో మాత్రం అంత మేలు కనిపించకపోవచ్చు. పైగా పొలం దూరమైనకొద్దీ మట్టి తోలే ఖర్చు పెరుగుతుంది. అందువల్ల చెరువుకు దగ్గరలో చెలక నేలలున్న రైతులకే ఇది ఎక్కువగా గిట్టుబాటు అవుతుంది."

ప్రశ్న: రచయిత ప్రధానంగా చెబుతున్నదేమిటి?

1. పూడిక మట్టి అన్ని నేలల్లోనూ తేమను నిలుపుతుంది.
2. పూడిక మట్టి తోలితే రసాయన ఎరువుల అవసరం తగ్గుతుంది.
3. పొలం దూరమైనకొద్దీ మట్టి తోలే ఖర్చు పెరుగుతుంది.
4. పూడిక మట్టి వల్ల కలిగే లాభం నేల స్వభావాన్ని, చెరువు ఎంత దగ్గరలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది.

మీ జవాబును పక్కన రాసుకుని ముందుకు సాగండి.

అపోహ 1: ఎలిమినేషన్ అంటే జవాబు తెలియనివాళ్లు వేసే గెస్.

వాస్తవం: గెస్ వెనుక కారణం ఉండదు. ఎలిమినేషన్‌లో ప్రతి కొట్టివేతకూ కారణం ఉండి తీరాలి. లెక్కల ప్రశ్నలో జవాబు ముందే తేల్చుకుని ఆప్షన్లలో వెతుక్కోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. రచయిత ఉద్దేశాన్ని మీరు ఒకలా, నేను ఇంకోలా, ప్రశ్న తయారుచేసినవారు మరోలా చెప్పవచ్చు. మూడూ సరైనవే కావచ్చు. అందుకే ప్రశ్న తయారుచేసేవారి మీద రెండు బాధ్యతలుంటాయి. సరైన ఆప్షన్ ఎందుకు సరైనదో చెప్పగలగాలి, మిగతావి ఎందుకు కావో కూడా చెప్పగలగాలి. లేకపోతే అభ్యంతరాల ముందు ఆ ప్రశ్న నిలబడదు. అంటే ప్రతి తప్పు ఆప్షన్‌లోనూ వేలు పెట్టి చూపించగలిగే లోపం ఒకటి ఉంటుంది. దాన్ని వెతకడమే ఎలిమినేషన్.

ఆ లోపాల్లో తరచూ కనిపించే రకాలు నాలుగైదే. రచయిత అన్నదానికన్నా మోతాదు పెంచి చెప్పడం, ప్యాసేజీలో లేని విషయాన్ని బయటి నుంచి తెచ్చిపెట్టడం, ప్యాసేజీలో ఉన్నా అడిగిన ప్రశ్నకు జవాబు కానిదాన్ని ఇవ్వడం, సగం నిజానికి సగం కల్పన అతికించడం, కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేయడం. మన ప్రశ్నలో మొదటి ఆప్షన్ మోతాదు మించింది, రెండోది బయటి నుంచి వచ్చింది, మూడోది ప్రశ్నకు చాలదు. ఇక నాలుగోదే మిగిలింది.

అపోహ 2: ప్యాసేజీలోని మాటలే ఉన్న ఆప్షన్ సరైనది.

వాస్తవం: మూడో ఆప్షన్‌ను మళ్లీ చూడండి. ప్యాసేజీలోని వాక్యం దాదాపు యథాతథంగా అక్కడ ఉంది. కళ్లు ముందుగా దాని మీదే ఆగుతాయి, ఎందుకంటే ఇప్పుడే చదివిన మాట కనబడగానే మనసు కుదుటపడుతుంది. కానీ ప్రశ్న అడిగింది ప్రధాన విషయం. ఖర్చు సంగతి ఆ విషయానికి ఆసరాగా వచ్చిన ఒక్క వాక్యం మాత్రమే. నాలుగో ఆప్షన్‌లోని "స్వభావం", "లాభం" అనే మాటలు ప్యాసేజీలో ఎక్కడా లేవు. అయినా ప్యాసేజీ మొత్తం అందులో ఇమిడింది. ప్రశ్నలు తయారుచేసేవారు సరైన జవాబును తరచూ వేరే మాటల్లో చెబుతారు, తప్పు ఆప్షన్‌కు ప్యాసేజీ మాటలు తొడుగుతారు. పోల్చాల్సింది అర్థాన్ని, అక్షరాలను కాదు.

అపోహ 3: లోకంలో నిజమైన విషయం తప్పు జవాబు కాలేదు.

వాస్తవం: అవుతుంది. చదువుకున్నవాళ్లు ఎక్కువగా పడే గుంట ఇదే. పూడిక మట్టి తోలితే ఎరువుల ఖర్చు కలిసొస్తుందని రైతు కుటుంబంలో పుట్టిన విద్యార్థి తన అనుభవం కొద్దీ చెప్పగలడు. కానీ ఈ రచయిత ఎరువుల ఊసే ఎత్తలేదు. సీశాట్‌లో ప్యాసేజీల ముందు ఇచ్చే సూచనలోనే జవాబులు ప్యాసేజీ ఆధారంగానే ఉండాలని స్పష్టంగా రాసి ఉంటుంది. జనరల్ స్టడీస్ బాగా చదివినవాళ్లు ఆర్థికం, పర్యావరణం, పాలన మీద ప్యాసేజీ రాగానే తమకు తెలిసినదాన్ని రచయిత నోట పెట్టేస్తారు. మొదటి పేపర్‌కు ఆయువుపట్టైన ఈ జ్ఞానం రెండో పేపరైన సీశాట్‌లో ఇలా దెబ్బ తీస్తుంది. ఆప్షన్ ముందు వేసుకోవాల్సిన ప్రశ్న "ఇది నిజమా?" కాదు. "ఈ రచయిత ఈ మాట అన్నాడా, ఎక్కడ అన్నాడు?" అని. వాక్యం చూపించలేకపోతే కొట్టేయండి.

అపోహ 4: "అన్నీ", "ఎప్పుడూ", "మాత్రమే" ఉన్న ఆప్షన్‌ను చదవకుండానే కొట్టేయవచ్చు.

వాస్తవం: ఇలాంటి మాటలు హెచ్చరిక బోర్డులు, తీర్పులు కావు. అంత గట్టి మాట నిలబడాలంటే ప్యాసేజీలో అంత గట్టి ఆధారం ఉండాలి. చాలాసార్లు ఉండదు కాబట్టి ఆ ఆప్షన్ తప్పవుతుంది. అయితే రచయితే గట్టిగా మాట్లాడితే జవాబు కూడా గట్టిగానే ఉండాలి. అప్పుడు "కొన్నిసార్లు" అని మెత్తగా చెప్పిన ఆప్షనే తప్పు. తెలుగులో ఈ బరువంతా ఒక్కోసారి ఒక్క అక్షరం మీద పడుతుంది. "చెలక నేలలున్న రైతులకు" అనడానికీ, "చెలక నేలలున్న రైతులకే" అనడానికీ ఎంత తేడా ఉందో చూడండి. మళ్లీ ఆ పక్కనే "ఎక్కువగా" అన్న మాట ఉంది. అది తీసేస్తే మిగతా రైతులకు అసలు గిట్టుబాటే కాదన్న అర్థం వస్తుంది. రచయిత అంత మాట అనలేదు. మోతాదును కొలవడం అంటే ఇదే.

అపోహ 5: రెండు ఆప్షన్లు మిగిలాక రెండూ దాదాపు ఒకటే, మనసుకు నచ్చింది పెట్టేయాలి.

వాస్తవం: అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. అప్పుడు ప్యాసేజీని మళ్లీ మళ్లీ చదవడం కన్నా, రెండు ఆప్షన్లనూ పక్కపక్కన పెట్టి అవి ఏ మాట దగ్గర విడిపోతున్నాయో చూడాలి. ప్యాసేజీని బట్టి ఏది చెప్పవచ్చని అడిగారనుకోండి.

అ. పూడిక మట్టి కలిపితే చెలక నేలల్లో తేమ మరికొన్ని రోజులు నిలుస్తుంది.
ఆ. పూడిక మట్టి కలిపితే చెలక నేలల్లో దిగుబడి పెరుగుతుంది.

తేడా అంతా "తేమ", "దిగుబడి" అన్న రెండు మాటల్లో ఉంది. తేమ నిలిస్తే పంట బాగుంటుంది, పంట బాగుంటే దిగుబడి పెరుగుతుంది అని మనం తెలియకుండానే రెండు మెట్లు ఎక్కేస్తాం. ఆ మెట్లు మనం కట్టుకున్నవి, ప్యాసేజీలో లేవు. విడిపోయే మాటను పట్టుకుని దాని కోసమే ప్యాసేజీలోకి వెళితే పది సెకన్లలో తేలిపోతుంది. నచ్చింది పెట్టేవాళ్లు తరచూ "ఆ" పెడతారు, ఎందుకంటే అది ఇంకా పెద్ద విషయం చెబుతున్నట్టుంటుంది.

అపోహ 6: మొదట తోచిన జవాబును ఎప్పుడూ మార్చకూడదు.

వాస్తవం: ఈ నమ్మకాన్ని పరిశోధకులు నేరుగా పరీక్షించారు. క్రూగర్, విర్ట్జ్, మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2005లో ప్రచురించిన అధ్యయనం కోసం 1,500 మందికి పైగా విద్యార్థుల జవాబు పత్రాల్లో రబ్బరుతో చెరిపిన గుర్తులను లెక్కించారు. మార్చిన జవాబుల్లో దాదాపు సగం తప్పు నుంచి ఒప్పుకు మారాయి. ఒప్పు నుంచి తప్పుకు మారినవి దాదాపు నాలుగో వంతు. మరి ఈ నమ్మకం ఎందుకింత బలంగా ఉంది? చేతిలో ఉన్న ఒప్పును మార్చి పోగొట్టుకున్న బాధ ఏళ్ల తరబడి గుర్తుంటుంది, మార్చి గెలుచుకున్న మార్కు గుర్తుండదు. అలాగని ప్రతి జవాబునూ అనుమానించమని కాదు. చూపించగలిగే మాట ఒకటి కొత్తగా దొరికితే మార్చండి, కంగారులో మాత్రం మార్చకండి.

అపోహ 7: నెగెటివ్ మార్కులున్న పరీక్షలో పూర్తిగా తెలిస్తేనే పెట్టాలి.

వాస్తవం: లెక్క వేసి చూద్దాం. సీశాట్‌లో 80 ప్రశ్నలు, 200 మార్కులు. ఒప్పుకు 2.5, తప్పుకు అందులో మూడో వంతు, అంటే సుమారు 0.83 కోత. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే సగటున వచ్చేది సున్నా. కారణంతో ఒక్కటి కొట్టేస్తే సగటు దాదాపు 0.28కి, రెండు కొట్టేస్తే 0.83కి చేరుతుంది. క్యాట్‌లో ఒప్పుకు 3, తప్పుకు 1 కోత. ఐదు ఆప్షన్లుండే బ్యాంకు పరీక్షల్లో తప్పుకు ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు కోత. రెండింట్లోనూ గుడ్డిగా పెట్టినవాడికి సగటున మిగిలేది సున్నాయే. అంటే ఈ కోతల లెక్క గుడ్డి గెస్‌కు లాభం లేకుండా చేస్తుంది, కారణంతో కొట్టేసినవాడిని మాత్రం శిక్షించదు. సీశాట్‌లో 33 శాతం, అంటే 66 మార్కులు వస్తేనే మొదటి పేపర్ లెక్కలోకి వస్తుంది. అలాంటి చోట రెండు ఆప్షన్లు కొట్టేసి కూడా ప్రశ్న వదిలేయడం చేతికొచ్చిన పంటను కళ్లంలో వదిలేయడమే. అయితే కొట్టివేత నిజమైనదై ఉండాలి. కారణం లేకుండా కొట్టేసినవాటిలో సరైన జవాబే ఉంటే ఈ లెక్క అంతా తలకిందులవుతుంది.

అపోహ 8: ఒక పరీక్షకు నేర్చుకున్న పద్ధతి అన్ని పరీక్షలకూ సరిపోతుంది.

వాస్తవం: మూలసూత్రం ఒకటే, వాడే తీరు మారుతుంది. జీఆర్‌ఈలో మూడు ఆప్షన్లిచ్చి సరైనవన్నీ ఎంచుకోమనే ప్రశ్నలుంటాయి. ఒకటి, రెండు, మూడూ కూడా సరైనవి కావచ్చు. అన్నీ సరిగ్గా గుర్తిస్తేనే మార్కు. అక్కడ ఒక ఆప్షన్‌ను ఇంకోదానితో పోల్చి కొట్టేయడం పనికిరాదు, ప్రతిదాన్నీ విడిగా ప్యాసేజీ ముందు నిలబెట్టాలి. సీశాట్‌లో రెండు ప్రతిపాదనలిచ్చి 1 మాత్రమే, 2 మాత్రమే, రెండూ, రెండూ కావు అని అడిగినప్పుడూ అంతే. "రచయిత చెప్పనిది ఏది?" అన్న ప్రశ్నలో పని తిరగబడుతుంది. ఆధారం దొరికినవాటిని కొట్టేస్తూ పోవాలి, దొరకనిదే జవాబు. ఆ "చెప్పనిది" అన్న మాట కింద గీత గీసుకోకపోతే ఎంత బాగా చదివినవాళ్లయినా పొరబడతారు. జీఆర్‌ఈలో నెగెటివ్ మార్కులు లేవు. శాట్‌లో ఉన్న పావు మార్కు కోతను 2016లో తీసేశారు. ఇలాంటి చోట ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.

అపోహ 9: తెలుగు మీడియం వాళ్లకు ఇది అబ్బదు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. సీశాట్ పేపర్ ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. మెయిన్స్ తెలుగులో రాసేవాళ్లు కూడా ప్యాసేజీలను ఆ రెండు భాషల్లో ఒకదానిలో చదవాల్సిందే. ఆ భారం నిజమైనదే, దానికి రోజూ ఇంగ్లిష్ చదవడం తప్ప వేరే మందు లేదు. కానీ మోతాదు కొలవడం, బయటి మాటను గుర్తుపట్టడం, సగం నిజాన్ని విడదీయడం ఏ ఒక్క భాష సొత్తూ కాదు. పైన మీరు చేసిన పనంతా తెలుగులోనే చేశారు.

ఇంట్లో ఇలా సాధన చేయవచ్చు. ఇద్దరు మిత్రులు కలిసి దినపత్రిక సంపాదకీయం ఒకటి చదవండి. ఒకరు అందులోని విషయాన్ని సొంత మాటల్లో ఒక వాక్యంగా రాయాలి. దాన్ని ఒక్క మాట మార్చి తప్పు చేయాలి. ఆ మాట ఏదో రెండోవారు పట్టుకోవాలి. నెల రోజులు తెలుగులో ఆడి, తర్వాత ఇంగ్లిష్ పత్రికతో ఆడండి. తప్పు ఆప్షన్ రాయడం నేర్చినవాళ్లకు తప్పు ఆప్షన్ దాక్కునే చోటు తెలుస్తుంది. మాక్ టెస్ట్ రాశాక కూడా మార్కులు చూసుకుని పేపర్ మూసేయకండి. ప్రతి తప్పు ఆప్షన్ పక్కనా అది ఎందుకు తప్పో ఒక్క ముక్కలో రాయండి: "మోతాదు మించింది", "బయటిది", "ప్రశ్నకు చాలదు", "సగమే నిజం", "తారుమారు". కొన్ని పేపర్లు పోయాక మీరు మళ్లీ మళ్లీ మోసపోయే రకం ఒకటో రెండో అని మీకే తెలుస్తుంది.

ఎదుటివారు అన్నదెంతో అంతే విని, అనని మాటను వారి నోట పెట్టకుండా ఉండటం పరీక్ష హాలు దాటినా మనకు కావలసిన గుణం. రేపు అర్జీ చదివే అధికారికి, ఒప్పందం చదివే లాయరుకు, రుణ పత్రం చదివే బ్యాంకు ఉద్యోగికి ఇదే పని. వాళ్లు ఒక్క మాట ఎక్కువ చదివినా, తక్కువ చదివినా నష్టపోయేది ఆ కాగితం వెనుక ఉన్న మనిషి. అందుకే "ఈ మాట ప్యాసేజీలోనే ఉంది కదా సార్" అన్న పిల్లలకు నేను జవాబు చెప్పను. ప్రశ్నను ఇంకోసారి పైకి చదవమంటాను. చాలామంది చదవడం సగంలోనే ఆపి, పెన్ను తీసి ఆ ఆప్షన్‌ను తామే కొట్టేస్తారు.