తలుపు మూసినా దారి చూపిన పంటి ఆస్పత్రులు

పన్ను నొప్పికి వేళాపాళా లేదు. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్‌ మొదలైనప్పుడు పంటి బాధతో ఉన్న పల్లె జనం ఎటు పోవాలో తెలియక తల్లడిల్లారు. బస్సులు ఆగిపోయాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో సాధారణంగా పంటి డాక్టరు ఉండరు. మండల కేంద్రంలో బస్టాండు పక్కనో, మందుల షాపు మేడమీదో ఉండే ఒంటి కుర్చీ ఆస్పత్రే దిక్కు. దానికీ తాళం పడింది.

తాళం వేయడానికి కారణం ఉంది. పన్ను తొలిచే మిషను తిరిగేటప్పుడు నీళ్లు చిమ్ముతుంది. ఆ నీటితోపాటు రోగి ఉమ్మి సన్నని తుంపరలై గది గాలిలో తేలుతుంది. రోగికి కరోనా ఉంటే డాక్టరుకే కాదు, ఆ తరువాత అదే కుర్చీలో కూర్చునేవారికీ ముప్పే. అందుకే కంటైన్‌మెంట్‌ జోన్లలో పంటి ఆస్పత్రులు తెరవరాదని, మిగిలిన చోట్ల అత్యవసర వైద్యానికే పరిమితం కావాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 మే 19న మార్గదర్శకాలు ఇచ్చింది. ఫోనులో సలహా చెప్పడానికి మాత్రం అడ్డు లేదు.

ఆ ఫోనే పల్లెలకు ఆసరా అయింది. పలుచోట్ల డాక్టర్లు మూసిన తలుపు మీద నంబరు రాసి కాగితం అంటించారు. వాపు ఫోటో వాట్సాప్‌లో పంపితే చూసి, ఆగవచ్చో, బయలుదేరాలో చెప్పారు. కట్టుడు పళ్లు, పళ్లు శుభ్రం చేయించుకోవడం వంటివి ఆగుతాయి. రక్తం ఆగకపోయినా, దవడ ఎముక విరిగినా, వాపు గొంతుదాకా దిగి ఊపిరాడకపోయినా గడియ ఆగరాదు.

నొప్పి బిళ్లను చిగురు మీద అదిమిపెడితే అక్కడ పుండు పడుతుందని, వాచిన చెంపకు వేడి కాపడం పెట్టవద్దని, గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించమని చెప్పారు. ఆస్పత్రికి వచ్చేవారు ముందు ఫోను చేయాలి, మాస్కు పెట్టుకోవాలి, వెంట పదిమందిని తేరాదు. పెళ్లికి పోయినట్లు ఇంటిల్లిపాదీ ఆస్పత్రికి కదిలే మన అలవాటుకు ఇది కొత్తే అయినా, కారణం తెలిశాక జనం సర్దుకున్నారు.

2021లో ఈ మాటసాయం మరింత అవసరమైంది. కరోనా నుంచి కోలుకున్న కొందరికి బ్లాక్‌ ఫంగస్‌ సోకింది. అదుపులో లేని షుగరు ఉండి, స్టెరాయిడ్లు వాడినవారికి ముప్పు ఎక్కువ. పైదవడ నొప్పి, ఉన్నట్టుండి పళ్లు కదలడం, ముఖం ఒకవైపు తిమ్మిరెక్కడం, ముక్కు నుంచి నల్లని స్రావం దీని గుర్తులు. పన్ను కదిలితే పీకించుకుంటే పోతుందనుకునే మనిషికి, ఇది పంటితో పోయే జబ్బు కాదని, వెంటనే పెద్దాస్పత్రికి పోవాలని చెప్పేవారు కావాలి. ఆలస్యమైతే కన్ను, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఆ మే నెలలోనే ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం ఈ జబ్బును ఆరోగ్యశ్రీలో చేర్చింది.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. తలుపుల మీది కాగితాలు ఎండకు వెలిసిపోయాయి. పంటి బాధ మాత్రం పల్లెల్లో అలాగే ఉంది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడమీద పంటి జబ్బుల్లో ప్రమాద సూచనలు, దగ్గరలోని ప్రభుత్వ పంటి డాక్టరు ఉండే ఆస్పత్రి పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయిస్తే చాలామందికి తిప్పలు తప్పుతాయి. డబ్బా రంగు, ఒక పూట కూలి తప్ప దీనికి పెద్ద ఖర్చు లేదు. అధికారులు ఆలోచించాలి.