దిగుడులో పనికొచ్చే పాడిల్ షిఫ్టర్

న్యూజిలాండ్‌లో జాన్సన్‌విల్ నుంచి వెల్లింగ్టన్ నగరంలోకి వెళ్లే ఒకటో నంబరు జాతీయ రహదారి న్గౌరంగా లోయ గుండా సముద్రం ఒడ్డుకు దిగుతుంది. అక్కడ వేగ పరిమితి గంటకు 80 కిలోమీటర్లు, కెమెరా నిఘా కూడా ఉంది. బ్రేకు మీదే కాలు పెట్టి ఆ వాలు దిగేవాళ్లను చూసినప్పుడల్లా, వాళ్ల స్టీరింగ్ వెనక గేరు మార్చే మీటలు, అంటే పాడిల్ షిఫ్టర్లు ఉన్నాయేమో, ఉంటే ఎందుకు వాడరో అనిపిస్తుంది.

ఆ మీటలు పుట్టింది ఫార్ములా వన్ పందెం కార్లో. ఫెరారీ 640 కోసం డిజైనర్ జాన్ బర్నార్డ్ ఏడు గేర్ల సెమీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ రూపొందించాడు. గేరు రాడ్డు పోతే డ్రైవర్ కూర్చునే చోటు సన్నబడుతుంది, కారు గాలిని బాగా చీలుస్తుంది. పరీక్షల్లో అది పదేపదే మొరాయించింది. అయినా 1989లో బ్రెజిల్ గ్రాండ్ ప్రీలో, మొదటి పోటీలోనే, నైజెల్ మాన్సెల్ దానితో గెలిచాడు. 1997లో ఫెరారీ ఎఫ్355తో పాడిల్స్ రోడ్డెక్కాయి. తర్వాత హోండా సిటీ, జాజ్ లాంటి కార్లకూ వచ్చాయి.

జాజ్‌లోని సీవీటీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో విడివిడి గేర్లు లేవు. రెండు పుల్లీల మధ్య లోహపు బెల్టు జరుగుతూ నిష్పత్తిని మారుస్తుంది. పాడిల్ నొక్కితే కంప్యూటర్ ఏడు స్థిర నిష్పత్తుల్లో ఒకదాన్ని పట్టి ఉంచుతుంది, అంతే. వేగానికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. పెట్రోలు ఆదాకైతే కంప్యూటర్ ఎంపికే మేలు.

దిగేటప్పుడు మాత్రం లెక్క వేరు. 1,200 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 12 లక్షల జౌళ్ల శక్తి విడుదలవుతుంది. మూడున్నర లీటర్ల నీళ్లను మరిగే దాకా తీసుకెళ్లడానికి అది చాలు. వేగం పెరగకుండా బ్రేకులే ఆపితే అందులో ఎక్కువ భాగం వాటికే వేడిగా ఎక్కుతుంది. గేరు తగ్గించే ఎడమ పాడిల్ ఒకటి రెండుసార్లు నొక్కితే ఇంజిన్ వేగం పెరిగి, దాని నిరోధమే కారును పట్టి ఉంచుతుంది. ఆక్సిలరేటర్ మీద కాలు లేదు కనక ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి. తిరుమల ఘాట్ దిగుతూ సెకండ్ గేర్ వేసే డ్రైవర్లు చేసే పని ఇదే.

అలాగని పాడిల్స్ కోసమే ఖరీదైన మోడల్ కొనమని చెప్పను. లివర్ మీద ఎల్ లేదా ఎస్ ఉంటే చాలావరకు అదే పని జరుగుతుంది. టయోటా ఆక్వా హైబ్రిడ్‌లో బీ స్థానం ఉన్నది ఇందుకే. వర్షంలో తడిసిన వాలు మీద గేరు ఒక్కసారిగా బాగా తగ్గించకండి, చక్రాలు జారతాయి. వాలు మొదలయ్యే ముందే ఒక్కో మెట్టు తగ్గించుకుంటూ రండి.