హాబిట్ వచ్చినప్పుడు 48 బొమ్మల గోల ఏంటి?

2012 డిసెంబరు 14న ‘ది హాబిట్’ మొదటి భాగం విడుదలైంది. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మూడు భాగాలూ 2001 నుంచి 2003 దాకా ఏటా ఒకటి చొప్పున చూసినవాళ్ళకి ఇది తొమ్మిదేళ్ళ ఎదురుచూపు. ఆ మూడో భాగానికి 11 ఆస్కార్లు వచ్చాయని మన వాడ కుర్రాళ్ళు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఇదీ పీటర్ జాక్సనే తీశాడు, న్యూజిలాండ్‌లోనే. టోల్కీన్ 1937లో పిల్లల కోసం అచ్చువేయించిన పుస్తకం దీనికి మూలం. బిల్బో అనే పొట్టివాడు, 13 మంది మరుగుజ్జులు, గాండాల్ఫ్ అనే ముసలి మాంత్రికుడు కలిసి, డ్రాగన్ కాజేసిన కొండనీ బంగారాన్నీ రాబట్టుకోడానికి బయల్దేరతారు. దీన్ని మూడు సినిమాలు చేస్తామని 2012 జులైలో ప్రకటించారు. ఒక చిన్న పుస్తకానికి మూడు టికెట్లా అని మాకూ అనిపించింది, అది వేరే సంగతి.

అసలు గొడవ బొమ్మల లెక్క దగ్గరుంది. టాకీలు వచ్చిన కాలం నుంచీ సినిమా అంటే సెకనుకి 24 బొమ్మలు. జాక్సన్ ఇది 48తో తీశాడు. సాంచా నడిపేవాళ్ళకి ఇది చెప్పడం తేలికే. పేక పల్చగా పడితే గుడ్డలో సందులు కనిపిస్తాయి, ఒత్తుగా పడితే నున్నగా వస్తుంది. 24 బొమ్మల్లో కెమెరా గబుక్కున తిరిగితే అంతా అలుక్కుపోయినట్టు ఉంటుంది. 48లో ఆ అలుకు బాగా తగ్గుతుంది. మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెయ్యలేదంటే, ఖర్చు. 24 బొమ్మలకే నిమిషానికి 90 అడుగుల ఫిల్ము తిరుగుతుంది, 48కి 180 అడుగులు కావాలి. ఇప్పుడు డిజిటల్ కెమెరాలొచ్చి ఆ బెంగ తీరింది.

నున్నగా వస్తే మంచిదేగా అంటారా? 2012 ఏప్రిల్‌లో లాస్ వెగాస్‌లో హాళ్ళ యజమానుల సమావేశంలో పది నిమిషాల ముక్క చూపిస్తే చాలామంది పెదవి విరిచారు. టీవీ సీరియల్‌లా ఉంది, సెట్టు సెట్టులా కనిపిస్తోంది అన్నారు. దానికీ కారణముంది. మన టీవీ బొమ్మ సెకనుకి 50 సార్లు మారుతుంది. రోజూ వార్తలూ క్రికెట్టూ అలాగే చూస్తాం కాబట్టి, ఆ నునుపు కనపడగానే ఇది నిజంగా జరుగుతోంది అనుకుంటుంది మనసు. క్రికెట్‌కి అది బాగానే ఉంటుంది. డ్రాగన్‌కి, మాంత్రికుడికి? ‘మాయాబజార్’లో లడ్లు ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడుతుంటే తీగె ఎక్కడుందో వెతికామా? అన్నీ మరీ తేటగా కనిపిస్తే పెట్టుడు ముక్కు పెట్టుడు ముక్కులాగే ఉంటుందని అప్పట్లో అభిమానులు భయపడ్డారు. ఆ భయం ఉత్తదని మేం అనుకోవట్లేదు.

జాక్సన్ మాత్రం పది నిమిషాలు చాలవు, కళ్ళకి అలవాటు పడాలి అన్నాడు. త్రీడీ అద్దాలతో చూసేటప్పుడు కళ్ళకి శ్రమ తగ్గుతుందని కూడా చెప్పాడు. ఈ రెండోమాటలో పస ఉంది. త్రీడీలో వేగంగా కదిలే బొమ్మ దడదడలాడి తలనొప్పి తెప్పించడం చాలామందికి అనుభవమే.

అన్ని హాళ్ళలో 48 ఆడలేదు. దానికి ప్రొజెక్టరు కూడా తగ్గట్టుండాలి. మిగతాచోట్ల మామూలు 24లోనే వేశారు, త్రీడీ లేకుండా కూడా దొరికింది. నలుగురున్న ఇంటికి త్రీడీ టికెట్లంటే మాటలు కాదు. పండక్కి దాచిన డబ్బుతో వెళ్ళేవాళ్ళకి, కళ్ళు తిరిగే పెద్దవాళ్ళు వెంట ఉన్నవాళ్ళకి ముందు మామూలు ఆటే నయమనిపించింది.  పోస్టరు మీద త్రీడీ అని ఉన్నంత మాత్రాన అది 48 అని కాదు. కౌంటర్లో అడిగాకే డబ్బులివ్వాల్సి వచ్చింది.