కార్ల నిల్వ భారం డీలరు నెత్తిన
(మా వాణిజ్య ప్రతినిధి)

హైదరాబాద్: సొంత సరుకు పెట్టుకున్న వర్తకుడికి, కమీషను ఏజెంటుకు తేడా ఏమిటో కోఠిలో ఏ దుకాణందారుణ్ణి అడిగినా చెబుతాడు. ధర పడితే ఏజెంటుకు కమీషను తగ్గుతుంది, వర్తకుడికి పెట్టుబడే కరుగుతుంది. కారు డీలరు పరిస్థితి ఈ రెంటికీ మధ్య చిక్కింది. సరుకు తనది, ధర మీద అదుపు కంపెనీది.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కినప్పుడు ఈ పేచీ లేదు. పదివేల రూపాయలు ధరావతు కట్టి జనం వరుసలో ఉన్నారు. ఇప్పుడు కార్లే వరుసలో ఉంటున్నాయి. 2024 సెప్టెంబరు ఆఖరుకు దేశంలో డీలర్ల వద్ద 7.9 లక్షల బళ్లు పేరుకున్నాయని, వాటి విలువ 79 వేల కోట్ల రూపాయలని డీలర్ల సమాఖ్య ఫాడా లెక్క కట్టింది. అది 80-85 రోజుల అమ్మకానికి సరిపడే నిల్వ. 21 రోజులకు మించకూడదని సమాఖ్య వాదన. కారు డీలరుకు పంపగానే కంపెనీ అది అమ్మకం కింద రాసుకుంటుంది. ఆపైన బ్యాంకు వడ్డీ డీలరుదే.

2025 సెప్టెంబరు 22న కార్లపై పరిహార సెస్సు రద్దయింది. చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొనేవారికి మేలే. పండగ గిరాకీకని ముందే సెస్సుతో సరుకు దింపుకున్న డీలర్లకు మాత్రం ఖాతాలోని సెస్సు జమ వాడుకునే దారి లేకపోయింది. ఫాడా అంచనా ప్రకారం ఆ మొత్తం 2,500 కోట్లు.

పోనీ, ధర తగ్గించి సరుకు వదిలించుకుందామా? నిర్ణయించినదానికి మించి డిస్కౌంటు ఇవ్వకుండా డీలర్లను కట్టడి చేసిందని కాంపిటిషన్ కమిషన్ 2021 ఆగస్టులో మారుతికి 200 కోట్ల జరిమానా వేసింది. కొనుగోలుదారుల వేషంలో మనుషుల్ని పంపి డీలర్లను పరీక్షించేవారని ఆ ఉత్తర్వులో ఉంది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది.

ఆ మరుసటి నెల 9న ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపుతున్నట్లు ప్రకటించింది. 170 మంది డీలర్లు, రెండువేల కోట్ల పెట్టుబడి అని ఫాడా మొరపెట్టుకుంది. అయిదు నెలల కిందటి దాకా కొత్త డీలర్లను చేర్చుకున్నారన్నది దాని ఆరోపణ.

2021 అక్టోబరులో మెర్సిడెస్ బెంజ్ వేరే దారి పట్టింది. నిల్వ కంపెనీదే, బిల్లు కంపెనీదే, డీలరుకు కమీషను. నష్టభయం తగ్గింది, బేరమాడే స్వేచ్ఛా పోయింది. కోఠి లెక్కన వర్తకుడు ఏజెంటయ్యాడు.

డీలర్ల రక్షణకు చట్టం కావాలని ఫాడా అడుగుతోంది. ఈలోగా కొత్తగా డీలర్‌షిప్ తీసుకునేవారు మిగిలిన కార్లు, విడిభాగాలు ఎవరు వెనక్కి తీసుకోవాలో ఒప్పందంలోనే రాయించుకోవడం మంచిది.